గుర్రాలు వెళ్లిపోయిన మైదానం

(మా చరిత్ర మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చుపాఠం)



స్మారకోపన్యాసమంటే ముందు అరగంట స్మరణ, తర్వాత అరగంట ఉపన్యాసం అని ఒక ఆనవాయితీ పడిపోయింది. మాస్టారికి పొగడ్తలు పడవు. ఒకసారి సన్మానసభలో ఎవరో ఆయన్ని ఆకాశానికెత్తుతుంటే మధ్యలో లేచి వెళ్లి, గుయ్యిమంటున్న మైకు వైరు సరిచేసి వచ్చి కూర్చున్నారు. అందుకని స్మరణ భాగం కుదించి, ఆయన బోర్డు మీద గీసిన ఒక బొమ్మ దగ్గర మొదలుపెడతాను.

డిగ్రీ రెండో ఏడు. మధ్యాహ్నం మొదటి పీరియడ్. సగం మందిమి కునికిపాట్లు పడుతున్నాం. మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు నిండా ఒక పొడుగాటి గీత గీసి, చివర గుండ్రంగా తిప్పి, మళ్లీ వెనక్కి తెచ్చారు. మధ్యలో ఒక అడ్డగీత. "ఇదేమిట్రా?" అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవడో "జడపిన్నండీ" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "ఈ జడపిన్నులో ఒక్క రోజున ముప్పై వేలమంది చచ్చిపోయారు. ఎందుకో చెబుతాను, నిద్రపోయేవాళ్లు పోవచ్చు" అన్నారు. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు.

ఆ బొమ్మ కాన్‌స్టాంటినోపుల్ నగరంలోని హిప్పోడ్రోమ్‌ది. గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం, డ్రోమోస్ అంటే పరుగు తీసే బాట. ఇప్పుడు ఆ ఊరు ఇస్తాంబుల్, ఆ చోటు సుల్తానహ్మెత్ మైదానం. నడుమ కొన్ని శతాబ్దాలపాటు తురుష్కులు దాన్ని ఆత్ మెయ్దాన్ అన్నారు. ఆత్ అంటే గుర్రం. మెయ్దాన్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు, మన ఊళ్లో కుర్రాళ్లు క్రికెట్ ఆడుకునే మైదానమే. ఆ మాట అరబ్బీ, పారశీకాల నుంచి ఒక దారిన అటు వెళ్లింది, ఇంకో దారిన ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది.

మాస్టారు ఆ ఊరు చూడలేదు. ఆయన చేసిన దూరప్రయాణమల్లా కలకత్తా, అదీ హిస్టరీ కాంగ్రెస్ సమావేశాలకి. ఆయన పోయిన రెండేళ్లకి మా అబ్బాయి పుణ్యమా అని నేను వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. ట్రాము దిగి, గొడుగు కింద నిలబడి నాలుగు వైపులా చూశాను. చెట్లు, బెంచీలు, రాతిపలకలు పరిచిన వెడల్పాటి బాట, ఫొటోలు దిగే జనం. పరుగుబాట ఎక్కడా లేదు. నువ్వులద్దిన కడియాల్లాంటి రొట్టెలు తోపుడుబండి మీద పెట్టుకుని అమ్ముతున్న పెద్దాయన్ని, చేతుల్తో పగ్గాలు పట్టినట్టు అభినయించి, ఎక్కడని అడిగాను. ఆయన బూటుకాలితో నేలమీద రెండుసార్లు తట్టి చూపించాడు. నేను దానిమీదే నిలబడి ఉన్నాను.

అసలు బాట ఇప్పటి నేలకి కొన్ని మీటర్ల కింద ఉంది. ఆ సంగతి కంటితో చూడాలంటే మైదానం నడుమనున్న కంచుస్తంభం దగ్గరికి వెళ్లాలి. చుట్టూ ఇనుపకమ్మీలు. వంగి చూస్తే నూతిలోకి తొంగిచూసినట్టుంటుంది. అడుగునుంచి మూడు పాములు ఒకదాన్నొకటి పెనవేసుకుని మెలికలు తిరుగుతూ పైకి లేస్తాయి. తలలు మాత్రం లేవు. క్రీస్తుపూర్వం 479లో ప్లటేయా దగ్గర పారశీక సైన్యాన్ని ఓడించిన గ్రీకు నగరాలు డెల్ఫీ గుడికి సమర్పించుకున్న మొక్కుబడి అది. మెలికల మీద 31 నగరాల పేర్లు చెక్కారు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి దాన్ని పెకలించి తెచ్చి తన కొత్త రాజధానిలో పందేల మైదానం మధ్య పాతించాడు. పాము తలలు 1700 ప్రాంతంలో విరిగి పడిపోయాయి. వాటిలో ఒకదాని పైదవడ ఊళ్లోని పురావస్తు మ్యూజియంలో ఉంది. అంటే 2,400 ఏళ్లు దాటిన కంచు, ఆరుబయట, వానలో, గోతిలో ఉంది. పక్కన ఒక పిల్లవాడు దానిలోకి నాణెం విసిరి వాళ్లమ్మ చేత చీవాట్లు తింటున్నాడు.

ఈ మైదానం కట్టడం మొదలుపెట్టినవాడు ఆ ఊరిని నేలమట్టం చేసినవాడే. సెప్టిమియస్ సెవెరస్ రోములో గద్దెకోసం పోరాడుతున్నప్పుడు బైజాంటియం ఊరు అతని ప్రత్యర్థి పక్షం వహించింది. రెండేళ్లకు పైగా ముట్టడి వేసి, ఆకలితో మాడ్చి, ఊరిని పట్టుకుని గోడలు కూలదోయించాడు. కోపం చల్లారాక, చోటు మంచిదని గ్రహించాడో ఏమో, తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు. పందేల మైదానం అప్పటిది. దాన్ని పూర్తిచేసింది ఒక శతాబ్దం తర్వాత కాన్‌స్టాంటైన్. 330 మే 11న కొత్త రాజధాని ప్రారంభోత్సవం ఇక్కడే జరిగింది.

పొడవు దాదాపు 450 మీటర్లు, వెడల్పు 130 దాకా. ఎంతమంది పట్టేవారంటే, లెక్క కట్టినవాళ్లు ముప్పై వేల నుంచి లక్ష దాకా చెప్పారు. గుట్టమీద అంత పొడుగు చదును దొరకలేదు. దక్షిణపు కొస మర్మరా సముద్రం వైపు జారిపోతుంది. అందుకని అక్కడ వాలులోంచి కమానుల మీద కమానులు లేపి, వాటిమీద మైదానం గుండ్రపు కొసని నిలబెట్టారు. ఆ వంపుకి గ్రీకులు పెట్టుకున్న పేరు స్ఫెండోనె. అంటే వడిసెల. జొన్నచేలో మంచెమీద నిలబడి పిట్టల్ని తోలే వడిసెల చూసినవారికి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా? రాయి పెట్టే చోట తాడు ఎలా వంపు తిరుగుతుందో, బాట అలా తిరుగుతుంది. మాస్టారికి ఈ మాట తెలిసుంటే జడపిన్ను అన్నవాణ్ణి నిలబెట్టి పొలం పంపించేవారు.

ఇక పందెం. ఇవి జాకీలు గుర్రమెక్కి తోలే రేసులు కావు. రథాలు. ఒక్కో రథానికి నాలుగు గుర్రాలు, వెనక చిన్న తొట్టిలో సారథి. ఉత్తరపు కొసన 12 ద్వారాలు. అక్కణ్ణుంచి బయల్దేరి, నడిమి గట్టు చుట్టూ ఎడమచేతి వాటంగా ఏడు చుట్లు తిరగాలి. ఎడమవైపు కొస గుర్రమే ప్రాణం. మలుపు స్తంభం దగ్గర అది ఎంత బిగబట్టుకుని తిరిగితే రథం అంత తక్కువ దూరం పరుగెడుతుంది. మరీ దగ్గరికి పోతే చక్రం గట్టుకి తగిలి విరుగుతుంది. రోమన్ సారథులు పగ్గాలు నడుముకి చుట్టుకునేవారు. రథం తిరగబడితే గుర్రాలు మనిషిని ఈడ్చుకుపోతాయి. అందుకని నడుములో ఒక చురకత్తి. పడ్డవాడు పగ్గాలు కోసుకునేలోగా వెనక రథం వచ్చేస్తుంది. మంచి రోజుల్లో ఇలాంటి పందేలు ఒక్క రోజులో 24 దాకా జరిగేవి.

పోర్ఫిరియస్ అని ఒక సారథి ఉండేవాడు. ఆఫ్రికాలో పుట్టి ఈ ఊళ్లో పెరిగాడు. అయిదో శతాబ్దం చివర, ఆరో శతాబ్దం మొదట్లో అతనిదే రాజ్యం. అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. గెలిచినవాడు ఓడినవాణ్ణి "నీ గుర్రాలు నాకియ్యి, నావి నువ్వు తీసుకో, మళ్లీ తోలదాం" అని సవాలు చెయ్యవచ్చు. ఆ గుర్రాలతో కూడా గెలిస్తే గొప్ప గుర్రాలది కాదు, సారథిదని తేలిపోతుంది. పోర్ఫిరియస్ ఈ ఆటలో ఆరితేరినవాడు. బతికుండగానే అతనికి గట్టుమీద విగ్రహాలు లేచాయి. రెండు విగ్రహాల పీఠాలు ఇప్పటికీ మ్యూజియంలో ఉన్నాయి. విగ్రహాలు లేవు, పీఠాలు ఉన్నాయి. అతని మీద అల్లిన చిన్న చిన్న పద్యాలు గ్రీకు సంకలనంలో ముప్పైకి పైగా మిగిలాయి. మన అవధానాల్లో దత్తపది ఇచ్చినట్టు, ఒకే మనిషి మీద ఎన్ని తీర్ల చెప్పవచ్చో కవులు పోటీపడి చెప్పారు.

జట్లు నాలుగు. నీలం, పచ్చ, ఎరుపు, తెలుపు. ఎర్రవాళ్లు పచ్చవాళ్ల తోకగా, తెల్లవాళ్లు నీలివాళ్ల తోకగా బతికారు గనక నిజానికి రెండే. పోర్ఫిరియస్ రెండువైపులా తోలాడు. జనానికి మాత్రం జట్టు మారడం తెలియదు. ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు ఆ కాలపు కుర్రకారు వేషం రాసిపెట్టాడు. హూణుల్ని చూసి ముందు జుట్టు గొరిగించుకుని వెనకది పొడుగ్గా వదిలేసేవారట. చొక్కా చేతులు మణికట్టు దగ్గర బిగుతు, భుజం దగ్గర బుట్ట. చేతులెత్తి జేజేలు కొట్టినప్పుడు ఆ బుట్టలు గాలికి ఉబ్బి, లోపల ఎంత కండ ఉందో అన్నట్టు కనపడేదట. కొత్త సినిమా మొదటి ఆట దగ్గర, కటౌట్‌కి పాలాభిషేకం జరిగేచోట నిలబడ్డవారెవరికీ ఈ వర్ణన కొత్త కాదు.

ఈ జట్లు ఏమిటన్నది పెద్ద వివాదం. చాలాకాలం పండితులు వీటిని రాజకీయ పక్షాలన్నారు. నీలివాళ్లు పెద్ద భూస్వాములూ ఛాందసులూ, పచ్చవాళ్లు చేతివృత్తులవాళ్లూ మతభేదం గలవాళ్లూ అని గీత గీసి పంచిపెట్టారు. 1976లో అలన్ కామెరాన్ అనే పండితుడు ఒక పుస్తకం రాసి ఈ పంపకాన్ని చిత్తుచిత్తు చేశాడు. ఆధారాలు తీసి చూస్తే వాళ్లు అభిమానులు, అంతకుమించి మరేమీ కాదన్నాడు. కామెరాన్ చెప్పినది చాలావరకు నిజమని నేనూ నమ్ముతాను. కానీ ఆయన పుస్తకం మూసేశాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఉత్త అభిమానులైతే చక్రవర్తులు వాళ్లంటే అంతగా ఎందుకు వణికారు?

జవాబు మైదానం కట్టిన తీరులోనే ఉంది. తూర్పువైపు చక్రవర్తి కూర్చునే గూడు. దాన్ని కతిస్మా అనేవారు, అంటే ఆసనం. దాని వెనకే మహాసౌధం. లోపలినుంచి నత్తగుల్లలా మెలికలు తిరిగే మెట్లదారిన చక్రవర్తి నేరుగా వచ్చి కూర్చుంటాడు. జనంలోంచి అక్కడికి దారి లేదు. ఇది భద్రత కోసం కట్టిన కట్టడం. కానీ దానివల్ల ఇంకొకటి జరిగింది. ఓట్లు లేని, సభలు లేని దేశంలో పాలకుడూ జనమూ ముఖాముఖి చూసుకునే చోటు ఈ ఒక్కటే అయింది. రాజు కనపడితే జనం ఊరుకోరు. రెండు పందేల మధ్య ఖాళీలో పన్నులు తగ్గించమంటారు, ఫలానా అధికారిని పీకెయ్యమంటారు, రొట్టె ధర ఏమిటంటారు. పందెం చూడ్డానికి అలవాటుపడ్డ జట్లకి ఒక్క గొంతుతో అరవడం వచ్చు. ఆ విద్య ఊళ్లో మరెవరికీ రాదు.

512లో ఎనభై ఏళ్లు దాటిన అనస్తాసియస్ చక్రవర్తి మతవివాదంలో జనాన్ని రెచ్చగొట్టుకున్నాడు. ఊరు తగలబడుతోంది. ముసలాయన కిరీటం తీసేసి, ఉత్త తలతో కతిస్మాలోకి వచ్చి నిలబడ్డాడు. నేను దిగిపోతాను, ఎవరిని పెట్టుకుంటారో పెట్టుకోండని చాటించాడు. జనం చల్లబడి, కిరీటం పెట్టుకొమ్మని వాళ్లే బతిమాలారు. ఈ ఉపాయం ఇరవై ఏళ్ల తర్వాత జస్టీనియన్ చక్రవర్తి కూడా వేశాడు. పారలేదు.

ఆ కథలోకి వెళ్లేముందు ఒక చిన్నపిల్ల సంగతి చెప్పాలి. పచ్చవాళ్ల దగ్గర ఎలుగుబంట్లు కాసే అకేసియస్ అనే ఆయన ముగ్గురు ఆడపిల్లల్ని వదిలి చనిపోయాడు. తల్లి మరొకరిని చేసుకుని, ఆ ఉద్యోగం అతనికిమ్మని అడిగింది. అప్పటికే లంచం తీసుకున్నవాడు వేరొకరికి ఇచ్చేశాడు. ఆమె పిల్లల తలలమీద పూలదండలు పెట్టి, జనం నిండిన మైదానంలో పచ్చవాళ్ల ముందు చేతులు జోడింపించి నిలబెట్టింది. పచ్చవాళ్లు మొహం తిప్పుకున్నారు. నీలివాళ్ల దగ్గర అదే కొలువు ఖాళీగా ఉంది, వాళ్లిచ్చారు. ముగ్గురిలో నడిమిపిల్ల థియోడోరా. నాటకాలాడి, జస్టీనియన్‌ని పెళ్లాడి, 527లో ఆ మైదానానికి ఎదురుగా ఉన్న సౌధానికి మహారాణి అయింది. జీవితాంతం నీలివాళ్ల పక్షమే. ఈ సంగతి రాసిన ప్రొకోపియస్‌కి ఆవిడంటే ఒళ్లుమంట. అయినా ఇది కల్పన అనిపించదు. ద్వేషించేవాడు ఎదుటివారి మీద జాలి కలిగే కథ కల్పించడు.

532 జనవరి. అంతకుముందు జరిగిన కొట్లాటలో దోషులని కొందరికి ఉరి వేస్తున్నారు. ఉరికొయ్య విరిగి ఇద్దరు కిందపడ్డారు. మళ్లీ ఎక్కించారు, మళ్లీ పడ్డారు. ఒకడు నీలి, ఒకడు పచ్చ. దేవుడే వదిలేశాడని జనం గోల. సన్యాసులు వాళ్లని పడవమీద ఒక చర్చికి చేర్చారు. మూడు రోజుల తర్వాత పందేలు. మొదటి పందెం నుంచి జనం ఆ ఇద్దరినీ వదిలెయ్యమని అరుస్తూనే ఉన్నారు. కతిస్మాలోంచి మాట లేదు. 22 పందేలు అయ్యాయి. అప్పుడు, ఎన్నడూ లేనిది, నీలివాళ్లూ పచ్చవాళ్లూ కలిసి ఒకే జేజే అందుకున్నారు. వాళ్ల నినాదం "నీకా". గెలువు అని. రోజూ సారథిని ఉద్దేశించి అరిచే మాటే అది. ఆ రోజు అది చక్రవర్తి మీదికి తిరిగింది.

అయిదు రోజులు ఊరు తగలబడింది. ఆనాటి హాగియా సోఫియా చర్చి బూడిదైంది. జనం అడిగిన ముగ్గురు అధికారుల్ని జస్టీనియన్ తీసేశాడు, లాభం లేకపోయింది. ఆదివారం పొద్దున సువార్త గ్రంథం చేతపట్టుకుని కతిస్మాలోకి వచ్చి, తప్పు నాదే, అందర్నీ క్షమిస్తానన్నాడు. కొందరు ఊగిసలాడారు, ఎక్కువమంది తిట్టారు. వెనక్కి వెళ్లిపోయాడు. జనం అనస్తాసియస్ మేనల్లుడు హైపేషియస్‌ని ఇంట్లోంచి లాక్కొచ్చారు. అతని భార్య ఏడుస్తూ అతన్ని గట్టిగా పట్టుకుంది, ఇది చావుకి పోతున్నట్టేనంది. కిరీటం దొరక్కపోతే మెడలో వేసుకునే బంగారు గొలుసు తలమీద పెట్టి చక్రవర్తివన్నారు. తెచ్చి కతిస్మాలో కూర్చోబెట్టారు.

సౌధం వెనక ఓడలు సిద్ధంగా ఉన్నాయి. జస్టీనియన్ పారిపోదామనే అనుకున్నాడు. ఆపింది థియోడోరా. అప్పుడు ఆవిడ మాట్లాడిందని ప్రొకోపియస్ రాసిన ప్రసంగం ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అందులో మాటలు ఎన్ని ఆవిడవో ఎన్ని ఆయనవో గానీ, ఆవిడ కదలనన్నదాంట్లో సందేహం లేదు. తర్వాత చకచకా జరిగిపోయింది. నర్సెస్ అనే అధికారి బంగారం మూటలతో వెళ్లి నీలివాళ్లలో పెద్దల్ని విడదీశాడు. బెలిసారియస్ సైన్యం ఒకవైపునుంచి, ముండస్ సైన్యం ఇంకోవైపునుంచి జొరబడ్డాయి. ముండస్ వచ్చిన ద్వారం పేరు నెక్రా, అంటే చావుద్వారం. చుట్టూ గోడ, మధ్యలో జనం. చచ్చినవాళ్లు ముప్పై వేలకి పైనని ప్రొకోపియస్. మరొకాయన 35 వేలన్నాడు. మర్నాడు హైపేషియస్‌ని చంపి సముద్రంలో పారేశారు.

చరిత్రకారుడు గిబ్బన్ ఈ జనాన్ని ఉత్త అల్లరిమూకగా తీసిపారేశాడు. మాస్టారు గిబ్బన్ని అమితంగా ఇష్టపడేవారు గానీ ఈ ఒక్కచోట ఒప్పుకునేవారు కాదు. ఆయన వాదన చాలా సాదాగా ఉండేది. 22 పందేలు అయ్యేదాకా క్షమాభిక్ష అడిగినవాళ్లని అల్లరిమూక అనకూడదురా, అల్లరిమూకకి అంత ఓపిక ఉండదు అనేవారు. నాకు అంతకన్నా మంచి వాదన ఇప్పటిదాకా దొరకలేదు.

హాగియా సోఫియాని జస్టీనియన్ ఆరేళ్లు తిరక్కుండా మళ్లీ కట్టించాడు, 537 డిసెంబరులో ప్రారంభించాడు. అందరూ చూసేది ఆ గుమ్మటాన్నే. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకొక సంగతి. చాలాకాలం పందేలు ఆగిపోయినా, మళ్లీ మొదలయ్యాయి. ముప్పై వేల శవాలు లేచిన మైదానాన్ని అతను మూసెయ్యలేదు, ఇళ్లస్థలాలుగా పంచలేదు. మూసెయ్యాలని తట్టలేదని నేననుకోను. మూస్తే తాను కనపడేది ఎక్కడ? రాజు ఉన్నాడని జనం నమ్మాలంటే ఎక్కడో ఒకచోట కూర్చుని కనపడాలి. ఆ చోట జనమూ ఉంటారు. ఈ చిక్కు తెంచుకోవడం తర్వాత వచ్చినవాళ్లకీ సాధ్యపడలేదు.

695లో రెండో జస్టీనియన్‌ని గద్దె దించి ఇక్కడే ముక్కు కోశారు. ముక్కు లేనివాడు చక్రవర్తి కాలేడని ఒక నమ్మకం. పదేళ్ల తర్వాత సైన్యంతో తిరిగొచ్చాడు. తన తర్వాత గద్దెనెక్కిన ఇద్దర్నీ గొలుసులతో తెప్పించి, వాళ్ల మెడలమీద చెరో పాదం మోపి పందెం చూశాడు. జనం సందర్భానికి తగిన కీర్తన ఒకటి అందుకున్నారు. పదేళ్ల కింద ముక్కు కోస్తుంటే చూసినవాళ్లలో వీళ్లూ ఎందరో ఉండి ఉంటారు.

ఇక్కడ కాస్త దారి తప్పి, గట్టుమీద మిగిలిన రాయి దగ్గర ఆగుతాను. ఈజిప్టు ఫారో మూడో థుట్మోస్ కర్నాక్‌లో నిలిపిన ఎర్రరాతి స్తంభం అది. కింది భాగం పోయి, మిగిలిన ముక్కే సుమారు 19 మీటర్లు. 390లో థియోడోసియస్ చక్రవర్తి దీన్ని ఇక్కడ నిలబెట్టించాడు. కింద పాలరాతి పీఠం మీద చక్రవర్తి గూట్లో నిలబడి, గెలిచినవాడికివ్వడానికి దండ పట్టుకుని ఉంటాడు. పాదాల దగ్గర వరసలు వరసలుగా జనం తలలు, అడుగున నాట్యగత్తెలు, వాద్యాలు. స్తంభం ఎత్తడానికి ఎన్నాళ్లు పట్టిందో పీఠానికి ఒకవైపు లాటిన్‌లో, మరోవైపు గ్రీకులో చెక్కారు. లాటిన్‌లో 30 రోజులు, గ్రీకులో 32. పదహారు వందల ఏళ్లుగా ఎవరూ దిద్దలేదు. పని చేయించిన నగరాధికారి పేరు ప్రొక్లస్. కొద్దికాలానికే అతనికి మరణశిక్ష పడింది, పేరు గీకేశారు. తర్వాత నిర్దోషన్నారు, పేరు మళ్లీ చెక్కారు. ఆ చోట రాయి కాస్త లోతుగా ఉంటుంది. శిలాశాసనాలు చదవడం నేర్పిన మాస్టారికి చూపించాలనిపించినది మొత్తం మైదానంలో ఇదొక్కటే.

పందేలు ఎవరూ నిషేధించలేదు. చిక్కిపోయాయి. 542లో వచ్చిన ప్లేగు ఊరిని ఊడ్చేసింది. ఖజానా తరిగింది, పందేల రోజులు తగ్గాయి. పదో శతాబ్దానికి నీలివాళ్లూ పచ్చవాళ్లూ ఆస్థాన ఉత్సవాల్లో రాసిచ్చిన జేజేలు పలికే బృందాలుగా మిగిలారు. తొమ్మిదో శతాబ్దంలో మూడో మైకేల్ చక్రవర్తి స్వయంగా రథం తోలేవాడట. అరబ్బుల దాడి వార్త తెచ్చే గుట్టమీది మంటలు పందేలకి అడ్డమొస్తున్నాయని ఆర్పించాడని కథ. అతని శత్రువులు రాసిన చరిత్ర గనక కాస్త తగ్గించి నమ్మాలి.

చావుదెబ్బ 1204లో పడింది. నాలుగో క్రూసేడు సైన్యం తమ మతంవాళ్ల ఊరినే దోచుకుంది. గట్టుమీది కంచువిగ్రహాలు కరిగించి చిల్లర పోశారు. మైదానం దక్షిణపు కొసన ఉన్న రాతి స్తంభానికి పదో శతాబ్దంలో తొడిగిన బంగారుపూత కంచురేకులు ఒలిచేశారు. మేకులు కొట్టిన గుంటలు ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. ద్వారాల దగ్గర ఉండేవని చెప్పే నాలుగు కంచుగుర్రాలు వెనిస్ చేరి సెయింట్ మార్క్ చర్చి ముఖద్వారం మీదికెక్కాయి. కంచు అని అంటాం గానీ దాదాపు మొత్తం రాగే. 1797లో నెపోలియన్ వాటిని పారిస్ పట్టుకుపోయాడు. 1815లో తిరిగొచ్చాయి. ఇప్పుడు అసలువి చర్చి లోపల, నకళ్లు బయట. ఈ మైదానపు గుర్రాల్లో అన్నిటికన్నా దూరం పోయినవి పరుగెత్తనివే.

1453లో ఊరిని పట్టుకున్న ఒట్టొమన్లకి ఇది ఖాళీస్థలంగానే దొరికింది. అంచులు కొరుక్కుతిన్నారు. పడమటివైపు ఇబ్రహీం పాషా భవనం, తూర్పువైపు 1609 నుంచి 1616 దాకా కట్టిన సుల్తాన్ అహ్మద్ మసీదు. నడుమ మాత్రం వదిలేశారు. గుర్రాలమీద తిరుగుతూ బల్లేలు విసురుకునే ఆట ఆడుకున్నారు. 1582లో సుల్తాన్ మూడో మురాద్ కొడుకు సున్తీ వేడుకలు ఇక్కడే యాభై రోజులకి పైగా జరిగాయి. దానిమీద గీయించిన చిత్రాల గ్రంథంలో ఊళ్లోని చేతివృత్తులవాళ్లంతా బండ్లమీద తమ పని చేసి చూపిస్తూ సుల్తాన్ ముందునుంచి సాగిపోతారు. గాజు ఊదేవాళ్లు బండిమీదే కొలిమి పెట్టుకున్నారు. ప్రతి బొమ్మలోనూ పైన సుల్తాన్ గూడు, కింద ఆ పాముల స్తంభం, ఆ ఈజిప్టు రాయి. పాములకి ఇంకా తలలున్నాయి.

1826లో సుల్తాన్ రెండో మహమూద్ జానిసరీ సైన్యాన్ని తుడిచిపెట్టినప్పుడు ప్రవక్త జెండా విప్పి జనాన్ని పోగుచేసింది ఈ మైదానం పక్క మసీదులోనే. జర్మన్ కైజర్ రెండో విల్‌హెల్మ్ 1898లో వచ్చివెళ్లి, గుర్తుగా ఒక మంటపం లాంటి నీళ్లతొట్టి కట్టించాడు. 1901 జనవరి 27న, అతని పుట్టినరోజున దాన్ని ప్రారంభించారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, దానిమీద అంతకన్నా చెప్పడానికేం లేదు.

1919 మే నెలలో మాత్రం మైదానం మళ్లీ పాత మైదానమైంది. యుద్ధంలో ఓడిన దేశం, ఊళ్లో పరాయి సైన్యాలు, ఇజ్మీర్‌లో గ్రీకు సేనలు దిగిన వార్త. సుల్తానహ్మెత్‌లో జనం కిక్కిరిసిపోయారు. నల్ల ముసుగులో ఒక స్త్రీ లేచి మాట్లాడింది. హాలిదె ఎదిబ్, నవలా రచయిత్రి. థియోడోరా తర్వాత ఈ మైదానం ఎదుట ఊరి తలరాత గురించి మాట్లాడిన స్త్రీ నాకు ఈవిడే కనిపిస్తుంది. ఆవిడ 1935లో మన దేశం వచ్చింది. ఢిల్లీలో జామియా మిల్లియాలో ఉపన్యాసాలిచ్చింది, ఒకదానికి గాంధీగారు అధ్యక్షత వహించారు. తర్వాత హైదరాబాదు కూడా చూసింది. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం 1937లో అచ్చయింది. హైదరాబాదుకి అప్పటికే ఇస్తాంబుల్ ఆడపడుచు ఒకరు కోడలిగా వచ్చి ఉన్నారు, ఆఖరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్. మైదానం అనే మాట ఒక్కటే కాదు, మనుషులు కూడా అటూ ఇటూ వచ్చారు.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. అధ్యక్షులవారు రెండుసార్లు వాచీ చూశారు.

మీలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఇస్తాంబుల్ మీదుగా విమానం మారడం మామూలైపోయింది. ఒకపూట ఖాళీ దొరికితే మైదానానికి వెళ్లండి. టికెట్టు లేదు. స్తంభాల దగ్గర ఫొటో దిగాక వెనక్కి తిరిగి రాకండి, దక్షిణంవైపు చివరిదాకా నడిచి, పక్క సందులోంచి పల్లంలోకి దిగండి. అటు గైడ్లు తీసుకెళ్లరు. దిగాక వెనక్కి తిరిగి పైకి చూస్తే ఇళ్ల వెనక, మేడంత ఎత్తున, ఇటుక కమానులతో గుండ్రంగా తిరిగిన గోడ కనపడుతుంది. కమానులు చాలావరకు పూడ్చేశారు, సందుల్లో పిచ్చిమొక్కలు మొలిచాయి. మాస్టారు బోర్డు మీద సుద్దతో తిప్పిన వంపు అదే.